మూడు వేసవులు నాగా పెట్టని యాదమ్మ కోసం మామిడిపల్లి దాకా

మా ఆయనకి గుళ్లూ గోపురాలూ ఇష్టం. మా చెల్లెలికి సముద్రం కనిపిస్తే చాలు. నాకు మాత్రం కాగితం మీద ఏదైనా లెక్క నమ్మేలా లేకపోతే, ఆ లెక్క పుట్టిన చోటు చూసి రావాలనిపిస్తుంది. ఇరవై రెండేళ్లు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి మానేశాక, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థకి కాగితాలు కూడిపెడుతున్నాను. ఆ సంస్థ ఎండాకాలంలో ఒక వైద్యం వ్యాను నడుపుతుంది. ఒక డాక్టరు, ఒక నర్సు, సెలైన్లు, ఐసు పెట్టె, అంతే. ఈ ఏడు ఆ వ్యాను కావాలని రెండు చోట్ల నుంచి అడిగారు. ఒకటి శంషాబాద్ హైవే పక్కనున్న అపార్ట్‌మెంట్ల కాలనీ, రెండోది మామిడిపల్లి దగ్గర నర్సరీ కూలీలుండే బస్తీ. ఎండ జబ్బులు ఎక్కడ ఎక్కువో గత మూడు వేసవుల కాగితాలు చూసి సోమవారంలోగా చెప్పమన్నారు. వ్యాను ఎక్కడ ఎక్కువ అవసరమంటే అక్కడికే వెళ్తుంది.

కాలనీ కాగితాలు నిండుగా ఉన్నాయి. వాళ్లకి తల తిరిగితే ఆసుపత్రికి వెళ్తారు, చీటీ దాచుకుంటారు. బస్తీ కాగితాల్లో మాత్రం అన్నీ సున్నాలే. "ఎండలో పని అలవాటైనందువల్ల ఇక్కడివారిపై వేడి ప్రభావం తక్కువ" అని ఒక వాక్యం రాసి, బాగా కుదిరిందని మురిసిపోయాను కూడా. ఆ తర్వాత యాదమ్మ వరస కంటపడింది. వయసు నలభై ఆరు, పని నర్సరీలో. మార్చి నుంచి జూన్ దాకా మూడు వేసవుల్లో ఒక్క రోజు నాగా లేదు. కళ్లు తిరగడమా, లేదు. వాంతులా, లేదు. జ్వరమా, అదీ లేదు. ఫ్యాను కింద కూర్చుని అంకెలు వేసుకునే నేనే పోయిన మే నెలలో రెండుసార్లు మంచమెక్కాను. మా ఆయనకి చూపిస్తే, "ఆవిడ మనిషా, కరెంటు స్తంభమా?" అన్నారు. ఆవిడ ఏం తింటుందో, ఎప్పుడు పడుకుంటుందో అడిగి తెలుసుకోవాలన్న కుతూహలంతోనే ఏప్రిల్ ఆఖరి శనివారం బయల్దేరాను.

మీరూ అటు వెళ్లాలనుకుంటే ఎండాకాలంలో ఆరు దాటకుండా బస్సెక్కండి. మెహిదీపట్నంలో ఆరింటికి ఎక్కితే ఆరాంఘర్ మీదుగా చాంద్రాయణగుట్టకి యాభై నిమిషాలు పట్టింది. ఆడవాళ్లకి ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్. అక్కణ్నుంచి షేర్ ఆటోలో ముప్పై రూపాయలకి జల్‌పల్లి అంచున సాగిపోయి పహాడీషరీఫ్‌లో దిగాను. గుట్ట కింద ఒక హోటల్లో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, పాతిక రూపాయలు. చాయ్ పోస్తున్న ఆవిడ నా చేతిలో ఉన్న గోడ థర్మామీటర్ చూసి, ఎవరికి జ్వరమని అడిగింది. ఊరికే అన్నాను. ఆవిడ ఆశ్చర్యపడలేదు, చక్కెర ఎంత వేయాలో అడిగింది.

మల్లేశ్ ఆటో అక్కడే దొరికింది. మధ్యాహ్నం దాకా కిరాయి తొమ్మిది వందలన్నాడు, ఎనిమిదికి దిగాడు. మామిడిపల్లి మనిషే. ఒకప్పుడు వాళ్లింట్లో కూరగాయలు పండించేవారట, ఇప్పుడు అన్నదమ్ములు ముగ్గురూ మూడు పనుల్లో ఉన్నారు. ఈ ఆటో కొనక ముందు నర్సరీలకి ఆడకూలీలను చేరవేసే ట్రాలీ తోలేవాడు. మా తలల మీదుగా విమానాలు కడుపులు చూపిస్తూ దిగుతుంటే, ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, ఆపేసిన చోట నుంచే మాట అందుకునేవాడు. ఎండలు ఇదివరకటి కంటే పెరిగాయా అని అడిగాను. పెరిగాయనే అంటాడని నాకు తెలుసు. మా నాన్నగారు కూడా చిన్నప్పుడు ఎండలే లేవన్నట్టు చెప్పేవారు. గతాన్ని చల్లగా గుర్తుపెట్టుకోవడం మనిషి స్వభావం, అందుకే జ్ఞాపకాన్ని లెక్కలోకి తీసుకోవద్దని పిల్లలకి చెప్పేదాన్ని. కానీ మల్లేశ్ జ్ఞాపకం చెప్పలేదు, టైము చెప్పాడు.

"నేను ట్రాలీ తోలుడు మొదలువెట్టినప్పుడు ఎనిమిదింటికి ఎక్కేటోళ్లు అక్కా. ఇగ ఇప్పుడు ఆరు కొట్టకముందే రోడ్డు మీద నిలవడుతున్నరు. ఎండ జరగలే, మేమే జరిగినం."

ఇది నాకు నచ్చింది. రుజువు అనను. ఆ రెండు గంటల్లో లోకమంతా వేడెక్కడం ఎంత, చుట్టూ మొలిచిన కాంక్రీటు ఎంత, రోడ్డు మీద రద్దీ ఎంత అన్నది విడదీయడం ఒక్క ఆటో ప్రయాణంలో తేలేది కాదు. అయినా నోట్ బుక్కులో రాసుకున్నాను.

రావిర్యాల రోడ్డులో ఆ నర్సరీకి ఎనిమిదింపావుకి చేరాం. ఏ నర్సరీయో చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. మా వాలంటీర్లు మూడేళ్లూ ఈ గేటు దగ్గరే వేపచెట్టు నీడలో కుర్చీ వేసుకుని, పేరూ వయసూ హాజరు పట్టీ చూసి రాసుకుని, పనికి వచ్చిన ఆడవాళ్లని ఒక్కొక్కరినే పిలిచి కాగితాలు నింపారు. లోపల ఆకుపచ్చ వల కింద పాతికమంది నల్ల కవర్లలో మట్టి నింపుతున్నారు. నీడే కదా అని వల కింద అడుగు పెట్టానో లేదో, ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి మొహానికి కొట్టింది. అప్పుడే నీళ్లు పట్టిన మొక్కల తేమంతా ఆ వల కిందే నిలిచిపోయింది. మా కాగితాల్లో "పనిచోట నీడ ఉందా?" అన్న ప్రశ్నకి అందరూ ఉందనే రాయించారు, అబద్ధం కాదు.

సూపర్‌వైజర్‌ని యాదమ్మగారు ఎవరండీ అని అడిగాను. ఆయన పిలిచాడు. నీలం చీర కొంగు తలకి చుట్టుకున్న ఒకమ్మాయి చేతుల మట్టి దులుపుకుంటూ వచ్చి, "నేనే" అంది. ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటాయేమో. నేను కాగితం చూశాను, ఆమెను చూశాను, మళ్లీ కాగితం చూశాను. వయసెంతని అడిగాను. ఆ అమ్మాయి రెప్ప వేయకుండా "నలభై ఆరు" అంది. సూపర్‌వైజర్ తల పైకెత్తి, అప్పుడే విమానం మొదటిసారి చూస్తున్నవాడిలా, దిగుతున్న విమానాన్ని చివరిదాకా చూశాడు. ఆయన అటు తిరిగి ఉండగా ఆ అమ్మాయి నా దగ్గరికి జరిగి, "మా అత్తను అడుగుండ్రి మేడమ్, ఇంటికాడ ఉంటది. ఈడ జర ఏం అనకుండ్రి" అని వెళ్లిపోయింది.

ఆటో ఎక్కాక మల్లేశ్ పగలబడి నవ్వాడు. అసలు యాదమ్మ ఇంట్లోనే ఉంటుందని, ఈ అమ్మాయి ఆమె కోడలు స్వరూప అని, తనని అడిగుంటే పొద్దున్నే నేరుగా అక్కడికే తీసుకెళ్లేవాడినని చెప్పాడు. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతకడమంటే ఇదే. ఇక్కడ పని మనిషికి కాదు, పేరుకి ఇస్తారట. ఒకసారి పట్టీలో పేరు పడిందంటే ఆ చోటు ఆ ఇంటిది. పేరున్న మనిషికి చేతకాకపోతే చెల్లెలో, కోడలో, బిడ్డో ఆ పేరు మీద వెళ్తుంది. పేరు కొట్టేస్తే మళ్లీ ఎక్కదు, బయట కాచుకున్నవాళ్లు చాలామంది. సూపర్‌వైజర్‌కి అంతా తెలుసు, ఆయనా ఈ ఊళ్ల వాడే. యజమానికి మాత్రం తెలియకూడదు.

మామిడిపల్లి బస్తీకి చేరేసరికి పది దాటింది. రేకుల గది గుమ్మంలో, తడిపిన గోనెపట్టా మీద కాళ్లు చాపుకుని ఒకావిడ చింతపండు గింజలు తీస్తోంది. పక్కనున్న పాత నూనె డబ్బాలో గింజలు టకటకమని పడుతున్నాయి. నేను "నమస్కారం యాదమ్మగారూ" అనగానే నవ్వింది. గారూ గీరూ అంటే ఎవరో కొత్తవాళ్లు వచ్చారేమోనని వెనక్కి చూడాల్సి వస్తుందట. నాకంటే రెండేళ్లు చిన్నది, చూస్తే పదేళ్లు పెద్దదానిలా ఉంది. కాళ్లు వాచి ఉన్నాయి.

ఆవిడ కథ పెద్దది కాదు. మూడేళ్ల కిందట, మా మొదటి కాగితం నింపిన నెల తిరక్కముందే, ఒక మధ్యాహ్నం వల కింద కవర్లు నింపుతూ కూలబడిపోయింది. వేపచెట్టు కిందికి మోసి, మొహాన నీళ్లు కొట్టి, ఉల్లిగడ్డ వాసన చూపించి, సాయంత్రం అందరితో పాటు ట్రాలీలోనే ఇంటికి తెచ్చారు. దగ్గర్లోని వైద్యుడు రెండు సీసాలు ఎక్కించి జ్వరమని రాశాడు. మర్నాడు యాదమ్మ పేరు మీద చెల్లెలు వెళ్లింది. కొడుకు పెళ్లయ్యాక స్వరూప వెళ్తోంది. అప్పటినుంచి అరగంట ఎండలో నిలబడితే యాదమ్మ కళ్లకి చీకట్లు కమ్ముతాయి. అది ఎండ వల్లేనా, అంతకుముందే ఒంట్లో ఏదైనా ఉందా అన్నది నేను చెప్పలేను, ఆవిడకీ తెలియదు, ఎవరూ పరీక్ష చేయలేదు. నాకు తెలిసింది ఒక్కటే. మా కాగితాల్లో అందరికంటే ఆరోగ్యంగా ఉన్న మనిషి ఈ బస్తీలో అందరికంటే చేతకాని మనుషుల్లో ఒకరు.

ఇందులో కొత్తదేమీ లేదు, అదే నా బాధ. పనిచోట నిలబడి ఆరోగ్యం లెక్కిస్తే పని చేయగలిగినవాళ్లే దొరుకుతారని ఏటా రెండో టర్మ్‌లో బోర్డు మీద రాసి, పిల్లలచేత వల్లె వేయించినదాన్ని నేను. చెప్పేవి శ్రీరంగనీతులు అంటారే, అలా అయింది నా పని. నాకు నిజంగా సిగ్గేసింది.

ఆ సిగ్గులోనే దాచకుండా చెప్పేశాను. వ్యాను సంగతి, సున్నాల సంగతి, అలవాటైన ఒళ్లని రాసిన వాక్యం, అన్నీ. యాదమ్మ గింజలు తీయడం ఆపింది.

"పనికి పోయే యాదమ్మ మంచిగనే ఉన్నది అక్కా. ఇంట్ల కూసున్న యాదమ్మను ఎవ్వలు అడగలే."

నేను గబగబా పెన్ను తీశాను. ఇప్పుడే రాస్తాను, మీరు చెప్పింది చెప్పినట్టు పంపిస్తాను అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంట్లో ఉన్న యాదమ్మ కాగితమెక్కితే నర్సరీలో ఉన్న యాదమ్మ ఏమవుతుందని అడిగింది. సంస్థవాళ్లు అడగ్గా అడగ్గా యజమాని చెవిన పడితే స్వరూప పోతుంది, ఆ గల్లీలో ఇంకా ఎందరి పేర్ల మీదో వెళ్లేవాళ్లూ పోతారు. రాయకపోతే వ్యాను రాదు, మళ్లీ ఎవరో ఒకరు వేపచెట్టు కింద ఉల్లిగడ్డ వాసన చూడాలి. పెన్నుకి మూత పెట్టేశాను. బయట మల్లేశ్ ఆటో నీడలోకి జరుపుకుని నిద్రపోయాడు. సాయంత్రం దాకా ఉంటానని లేపి అడిగితే ఇంకో మూడు వందలకి ఒప్పుకున్నాడు.

మధ్యాహ్నం అక్కడే తిన్నాను. జొన్నగట్క, పచ్చిపులుసు, పచ్చిమిరపకాయ. పులుసులో ఉల్లిపాయ ముక్కలు కరకరలాడుతుంటే రెండుసార్లు వేయించుకున్నాను. తర్వాత గోడకి థర్మామీటర్ తగిలించాను. ఫోనులో వాతావరణం నలభై అంటోంది, రేకుల కింద నా థర్మామీటర్ నలభై నాలుగు దాటింది. కాలనీకీ ఈ గదికీ మా రిపోర్టులో వేడి ఒకటే, ఎందుకంటే రెంటికీ ఫోనులో వచ్చే అంకే వేశాం. రెండున్నరకి నా తల పనిచేయడం మానేసింది. యాదమ్మ ఒక చెంబు అంబలి తాగించి, తన గోనెపట్టా మీదే నన్ను పడుకోబెట్టింది. జబ్బు మనిషి దగ్గర సేవ చేయించుకున్నందుకు మరోసారి సిగ్గుపడి, హాయిగా పడుకున్నాను.

లేచేసరికి ఆవిడ ఆలోచించి పెట్టింది. వడదెబ్బ తగిలిందా అని అడిగితే ఎవరూ చెప్పరట, చెబితే పనిలోకి రావద్దంటారేమోనని భయం. అందుకని వేరే ప్రశ్న అడగమంది.

"ఈ మూడేండ్లల్ల ఎండకు పనికి పోయి, ఇప్పుడు చాతగాక ఇంటికాడ ఉన్నోళ్లు ఎందరని అడుగు. పేర్లు వద్దు. గింజలు ఇస్త, ఒక్కొక్కరికి ఒక్క గింజ ఎయ్యమను."

ఇరవై రెండేళ్ల సర్వీసులో ఇంత మంచి ప్రశ్న నేను తయారు చేయలేదు. జబ్బు పేరు అడగక్కర్లేదు, మనిషి పేరు అడగక్కర్లేదు, పైగా పనిచోట కనబడనివాళ్లే లెక్కకి వస్తారు.

ఐదింటికి ట్రాలీ వచ్చింది. స్వరూప దిగుతూనే నన్ను చూసి ఆగిపోయింది. అత్త చెయ్యి ఊపాక కుదుటపడింది. మిగిలినవాళ్లు కాళ్లు కడుక్కుని, యాదమ్మ పిలుపు మీద ఒక్కొక్కరే గుమ్మం దగ్గరికి వచ్చారు. ఆవిడ గింజలన్నీ కొంగులో పోసుకుని, ఖాళీ డబ్బా మూతకి చిల్లు పెట్టించి ముందు పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను, చూడ్డం తప్ప పనేమీ లేదు. ఒకావిడ రెండు గింజలు అడిగితే, మీ కోడలు కాన్పుకి పుట్టింటికి వెళ్లింది కదా, అది ఎండ లెక్క కాదని యాదమ్మ ఒకటే ఇచ్చింది. ఒక ముసలాయన తన గింజ తనే వేసుకుంటానని వంగి వేశాడు. కొందరు గింజ తీసుకోకుండానే వెళ్లిపోయారు, వాళ్లింట్లో అందరూ బాగున్నట్టు. వాళ్ల మాట నమ్మాను, నమ్మకూడదనడానికి కారణం లేదు.

అందరిదీ అయ్యాక యాదమ్మ కొంగులోంచి ఒక గింజ తీసి, దాన్ని వేళ్ల మధ్య కాసేపు తిప్పి, డబ్బాలో వేసింది. తనది. స్వరూప పక్కనే నిలబడి ఉంది. పొద్దున ఐదింటికి లేచిన మొహం, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తనూ ఒక గింజ తీసుకుని అరచేతిలో పెట్టుకుని, "నాది వచ్చే ఏటికి దాసిపెట్టుండ్రి అత్తా" అంది. గల్లీలో అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. యాదమ్మ నవ్వలేదు. కోడలి చేతిలో గింజ లాక్కుని, రోడ్డు దాటేలా విసిరేసింది.

తిరుగు ప్రయాణం మల్లేశ్ ఆటోలోనే శంషాబాద్ బస్టాండు దాకా, మొత్తం కిరాయి పదకొండు వందలు. అక్కణ్నుంచి మెహిదీపట్నానికి బస్సులు ఎన్నో ఉన్నాయి, గంటలో ఇల్లు చేరాను. ఆదివారమంతా కూర్చుని రిపోర్టు మళ్లీ రాశాను. అలవాటైన ఒళ్ల వాక్యం కొట్టేశాను. బస్తీ గడుల్లో సున్నాలు తీసేసి "చూడలేదు" అని రాశాను. కింద గింజల లెక్క పెట్టాను, ఎవరి పేరూ అడగలేదు కాబట్టి ఎవరడిగినా చెప్పలేను. గింజల లెక్కకీ లోపాలున్నాయని, ఎవరి జబ్బుకి ఎండ ఎంత కారణమో ఇది చెప్పదని కూడా రాశాను. కాలనీలో ఐదో అంతస్తు ముసలాయన కళ్లు తిరిగి పడటం కూడా నిజమే, ఆయన చీటీ కాగితాల్లోనే ఉంది. చివరికి వ్యాను వారంలో మూడు రోజులు కాలనీలో, మూడు రోజులు బస్తీలో అని తేల్చారు.

వ్యాను బస్తీకి వచ్చిన మొదటి పొద్దున నేనూ వెళ్లాను. నర్సు పేరడిగితే యాదమ్మ నా వైపు చూసి, తర్వాత గట్టిగానే చెప్పింది. బీపీ చూశారు, రక్తం తీసుకున్నారు, కాళ్లు నొక్కి చూశారు. మూడేళ్లలో ఆవిడ ఒంటిని ఎవరైనా పట్టి చూడటం అదే మొదటిసారి. అదే సమయానికి రావిర్యాల రోడ్డులో స్వరూప మట్టి నింపుతోంది. ఆ రోజు రెండు పుస్తకాల్లో యాదమ్మ ఉంది, ఒకదాంట్లో హాజరు, ఇంకోదాంట్లో రోగి. రెండు పుస్తకాలూ ఒక్కచోట పెట్టి చూసే మనిషి వస్తే ఏమవుతుందోనన్న భయం నాకు ఇప్పటికీ ఉంది. అందుకే యాదమ్మ అన్నది కూడా అసలు పేరు కాదు. ఏ పేరు పెట్టమంటారంటే, ఆవిడ తన తల్లి పేరు ఇచ్చింది. ఆ తల్లి కూడా ఎండలో పని చేసిన మనిషేనట, ఏ కాగితంలోనూ లేదట.

ఈ ప్రయాణం వల్ల వాతావరణం గురించి నాకు పెద్దగా తెలిసిందేమీ లేదు, నా గురించే కొంచెం తెలిసింది. లెక్క తప్పిందంటే కూడికలో తప్పిందనుకునేదాన్ని, ఎక్కడ నిలబడి అడుగుతున్నామన్న దగ్గరే తప్పుతుందని పుస్తకంలో చదివీ ఒంటికి పట్టించుకోలేదు. వెళ్లేవాళ్లకి ఒకటే సలహా. నీళ్ల సీసా, గొడుగు మీరెలాగూ తీసుకెళ్తారు, కానీ సాయంత్రం ఐదు దాకా ఉండేలా ఆటో మాట్లాడుకోండి. గేటు దగ్గర వేపచెట్టు నీడ బాగుంటుంది, అయినా అక్కడ ఆగకండి. ఇళ్ల దాకా వెళ్లి, ఈ రోజు ఎవరు రాలేదో అడగండి.